సత్యం గారు అడిగిన ఫైర్ స్టేషన్

చెరుకుమిల్లి సత్యనారాయణ గారు ఇక లేరు. జనవరిలో ఒక ఉదయం ఆఫీస్ కాల్‌లో ఉండగా ఫోన్ మోగింది. ఆయన భార్య భారతి ఆంటీ. "మీ అంకుల్ పోయారు నాన్నా" అన్నారు, అంతే. ఇలాంటి వార్తను పిడుగుపాటు అనడం రివాజు. నేను అనను. పిడుగు పడేముందు ఎవరూ మీటింగ్ పెట్టి చేతులెత్తరు. ఈ మరణం వెనక చేతులెత్తినవాళ్లున్నారు.

సత్యం గారు నాకు రక్తబంధువు కారు. కాలిఫోర్నియా కొండల్లోని ఈ చిన్న టౌన్‌కి నేను అద్దెకు వచ్చినప్పుడు పక్కింటి మనిషి. రిటైరైన సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు వెతికే అలవాటు ఉద్యోగంతో పోలేదు. టౌన్ కౌన్సిల్ మీటింగ్‌లకు నియమనిష్ఠలతో వెళ్లేవారు, నన్నూ లాక్కెళ్లేవారు. "సినిమాకి పిలిస్తే పరిగెత్తుకొస్తావు. ఇది మన వీధి సినిమా, టికెట్ కూడా లేదు, పద" అనేవారు. పౌరధర్మం గురించి ఉపన్యసించగా నేనెప్పుడూ వినలేదు.

మా టౌన్‌కి సొంత అగ్నిమాపక దళం లేదు. రాష్ట్ర సంస్థతో కౌన్సిల్ ఒప్పందం చేసుకుంటుంది. వేసవిలో కార్చిచ్చుల భయంతో మా స్టేషన్‌ను రాష్ట్రమే నడుపుతుంది. చలికాలంలో కూడా తెరిచి ఉంచాలంటే ఆ ఖర్చు టౌన్ పెట్టుకోవాలి. ఈ సంగతి మా తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసని అడిగితే, సత్యం గారు చెప్పినవాళ్లకే తెలుసు.

ఆ స్టేషన్ ఆయన ఇంటి వీధి చివరే. ప్రతి ఉగాదికీ అక్కడికి పులిహోర పట్టుకెళ్లేవారు. ఒకసారి ఒక కుర్ర ఫైర్‌మన్ ఎండుమిరపకాయ కూడా నమిలి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మంటలార్పేవాడివి, ఈపాటి దానికే ఏడిస్తే ఎలాగయ్యా" అని తెలుగులోనే అని, మజ్జిగ కోసం ఇంటికి పరిగెత్తారు. వాత్సల్యం, వెటకారం ఆయనలో ఎప్పుడూ కలిసే ఉండేవి.

ప్రకాశ్‌ను గెలిపించిందీ ఆయనే. మా కౌన్సిల్‌లో మొదటి తెలుగు మెంబర్. ఎండలో ఇంటింటికీ తిరిగి, తలుపు తీసిన ప్రతివాళ్లకీ "మనవాడు, బుద్ధిమంతుడు" అని చెప్పారు. గెలిచిన రోజు ప్రకాశ్ ఆయన కాళ్లకు దండం పెట్టిన ఫొటో అప్పట్లో అందరి ఫోన్లలోనూ ఉండేది. నేను మాత్రం డిలీట్ చేయలేదు. అవసరం పడుతుంది.

కిందటి శరదృతువులో చలికాలపు ఒప్పందం ఓటుకు వచ్చింది. డబ్బు పార్కుకు కావాలన్నారు. హాల్లో తెలుగువాళ్లం వరసలకు వరసలు కూర్చున్నాం. మాట్లాడడానికి లేచింది సత్యం గారొక్కరే. పక్కన కూర్చున్న మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ ఆయన చొక్కా పట్టుకుని, "వద్దండీ, మనవాడి పరువు మనమే తీస్తామా" అన్నాడు. ఆయన చొక్కా విడిపించుకుని మైకు దగ్గరికి వెళ్లారు. ప్రకాశ్ నవ్వుతూ, "అంకుల్, వింటర్‌లో అడవులు అంటుకోవు కదా" అన్నాడు.

"ఫైరింజన్ మంటలకే వస్తుందనుకున్నావా బాబూ? మొన్న మా ఎదురింటి పాపకి ఊపిరాడకపోతే ముందొచ్చింది వాళ్లే. అంబులెన్స్ తర్వాతొచ్చింది" అన్నారు సత్యం గారు.

వద్దనేవాళ్లతో కలిసి ప్రకాశ్ చెయ్యి ఎత్తాడు. ఒప్పందం పోయింది. డిసెంబర్‌లో స్టేషన్‌కి తాళం పడింది. ఆ తర్వాత గుడిలో సత్యం గారిని చూసి ముఖం తిప్పుకున్నవాళ్లు చాలామంది. ఆయన వాళ్ల దగ్గరికే వెళ్లి, పిల్లల చదువులు అడిగి వచ్చేవారు.

జనవరిలో ఆ ఉదయం ఆయన గరాజ్‌లో కుప్పకూలారు. ఆంటీ 911కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు ఆయన గుండె మీద చేతులతో నొక్కుతూనే ఉన్నారు. తెరిచి ఉన్న గరాజ్‌లోంచి తాళం వేసిన స్టేషన్ కనబడుతూనే ఉంది. ఇంజన్ పక్క ఊరి నుంచి, వానలో, కొండదారిన రావాలి. వచ్చేసరికి అయిపోయింది. ముందు వస్తే బతికేవారా అంటే డాక్టర్ కచ్చితంగా చెప్పలేనన్నాడు. ప్రకాశ్ ఆ మాట పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. తిరగనివ్వండి.

పెద్దకర్మకు కూడా వచ్చాడు, తెల్లబట్టలతో, తగినంత విచారంతో. నా ఎదురు వరసలో భోజనానికి కూర్చున్నాడు. వద్దని పెద్దలు వారించినా ఆంటీ గారెల బేసిన్ తీసుకుని తానే వడ్డనకు వచ్చారు. అతని దగ్గర ఆగి ఒక గారె వేశారు.

"చాలాంటీ" అన్నాడు.

"తిను నాయనా, మొహమాటపడకు. ఈ భోజనం నువ్వు పెట్టించిందేగా."

హాలంతా విన్నది. కర్మ భోజనంలో మధ్యలో లేవకూడదు. లేస్తే పోయినవాళ్లకి అపచారం, లేచినవాడికి అప్రతిష్ఠ. అతనికీ తెలుసు. ఆంటీ కదలలేదు. అతను ఆ గారె తుంచాడు, నమిలాడు, మింగలేక నీళ్లు తాగాడు. ఆవిడ ఇంకొకటి వేశారు. అదీ తిన్నాడు. అసోసియేషన్ ప్రెసిడెంట్ తన విస్తట్లోంచి తల ఎత్తలేదు. నాకు జాలి కలగలేదు. నేను కూడా మారు అడిగి వేయించుకుని, అతను ముగించేదాకా ఎదురుగా కూర్చున్నాను.

సత్యం గారి సౌజన్యం నాకు అబ్బలేదు. ఆయనైతే అతన్ని క్షమించి, పిల్లల చదువులు అడిగేవారు. అలాంటి మనిషి మాకు మళ్లీ దొరకరు. ఆ మైకు ముందు ఆయన నిలబడ్డ చోటు శూన్యంగా ఉంది. ఆ నిర్భీతికి, ఆ పెద్దమనసుకి నా సాష్టాంగ నమస్కారం. నవంబర్‌లో ప్రకాశ్ సీటుకి ఎన్నిక ఉంది. భారతి ఆంటీ పోటీ చేస్తున్నారు. నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నవాణ్ణి, నాకు ఓటు లేదు. కారుంది. ప్రతి గుమ్మానికీ ఆవిణ్ణి నేనే తీసుకెళ్తాను. ప్రకాశ్‌ను దించుతాం, ఒప్పందం మళ్లీ రాయిస్తాం, తాళం తీయిస్తాం. సత్యం గారు తిరిగి రారు. అదొక్కటే మా చేతుల్లో లేదు.