పుంటికూరలో మిగిలిన పులుపు

మొన్న జలుబు చేసి నేను మంచం దిగకపోయేసరికి, మా ఆయన వంటింట్లో దూరి పుంటికూర వండి పెట్టాడు. గోంగూరనే మా పటాన్‌చెరు వైపు పుంటికూర అంటాం. ముద్ద నోట్లో పెట్టుకుంటే పులుపు తెలిసింది, ఉప్పు తెలిసింది, పచ్చిమిర్చి మండింది. అంతే. వెల్లుల్లి తాలింపు ఏమైపోయిందో జాడ లేదు. ముక్కు మూసుకుపోతే మిగిలేది ఇంతేనా అనుకోగానే పాత కోపం మళ్ళీ రగిలింది.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. మా అత్తమ్మ నాకు చెప్పిన మొదటి పాఠం, "వానికి ఉప్పు, పులుపు, కారం జెర ఎక్కువనే ఉండాలె బిడ్డా." సరే, ఒక్కో ఇంటిది ఒక్కో నాలుక అనుకున్నాను. పుట్టింట్లో నా వంటకు వంకలే తప్ప మెప్పు ఎరుగను. ఇక్కడ ఈయన ఏం పెట్టినా "మస్తుంది" అనేవాడు. ఉప్పు తగ్గితే టక్కున పట్టేసేవాడు కూడా, ఇక అనుమానం ఎలా వస్తుంది? ఆ ఒక్క మాట కోసం పచ్చిపులుసులోకి నువ్వులు దోరగా వేయించి దంచేదాన్ని, లేత కొత్తిమీర కోసం అంగడంతా తిరిగేదాన్ని. పిచ్చిదాన్ని.

ఒకరోజు పరధ్యానంలో, స్టవ్‌లో కిరోసిన్ పోసిన గరాటుతోనే నూనె డబ్బా నింపాను. పైగా ఆ నూనెతోనే పప్పుకు తాలింపు పెట్టాను, వచ్చే వాసన స్టవ్‌దే అనుకున్నాను. ఆయన కలుపుకుని నాలుగు ముద్దలు తిని, "మస్తుంది, ఇంకింత వెయ్యి" అన్నాడు. పక్కనే కూర్చున్న అత్తమ్మ ముద్ద నోటిదాకా తెచ్చి కిరోసిన్ కంపుకు ఆగిపోయింది. కొడుకు వైపు చూసి కళ్ళతోనే వద్దని సైగ చేసింది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. ఆ సైగ నేను చూశాను.

"కంపెనీల డ్రమ్ముల ఘాటుకు పెండ్లికి ముందే ముక్కు పోయింది. వాసన తెల్వది," అన్నాడు తల దించుకుని. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయని, కారం ఉత్త మంటేనని, తక్కిన రుచి దాదాపు అంతా గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనేనని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. అంటే నేను వేయించిన నువ్వులు ఆయనను ఒక్కనాడూ చేరలేదు. "నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా?" అని ఏడిస్తే, "చెప్తే మీ నాయన పిల్లనిస్తుండెనా? ఎన్నడన్న తిట్టిండా, కొట్టిండా? ముక్కు లేకుంటె ఏమాయె!" అంది. ఇద్దరికీ తెలుసు. వండి పెట్టిన నాకే తెలియదు. ముక్కు పోయినందుకు నాకు జాలే. ఆ మెప్పు మాత్రం నన్ను మోసం చేసింది.

మొన్న కూడా ఆయన ఎదురుగా కూర్చుని, "ఎట్లుంది?" అని ఆశగా అడిగాడు. "మస్తుంది" అన్నాను. మొహం వెలిగిపోయింది. ఆ అబద్ధం ఆడటానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. ఆయన ఆడినదాన్ని మరిచిపోవడానికి మాత్రం ఇన్నేళ్ళూ చాలలేదు.