మల్లక్క తీర్పు చెప్పలేదు

తొర్రూరు దగ్గరి మా ఊళ్లో మల్లక్క కూలికి పత్తి ఏరుతూ బతికేది. వయసులో ఉండగా అత్తింటి పంపకాల పంచాయితీలో ఆమెను పొద్దంతా నిలబెట్టి, ఒక్క మాటైనా అడగకుండా తీర్పు చెప్పారు. ఆ తర్వాత భర్త పోయాడు. జనం తమ తగవులతో ఆమె దగ్గరికి రావడం ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. ఆమె ఓపికగా వినేది, అంతే.

ఎనభై రెండులో వానలు సరిగ్గా పడలేదు. కొమురెల్లి, తమ్ముడు రాజమల్లు తండ్రి తవ్విన బావి కిందే వరి వేశారు. ఇద్దరి మోటార్లూ ఒకేసారి నడిస్తే నీళ్లు అడుగంటేవి. ఒకరోజు రాజమల్లు అన్న మోటారు వైరు పీకేశాడు. ఇద్దరూ కలబడ్డారు. కొమురెల్లి భార్య సమ్మమ్మ పరుగున వెళ్లి మల్లక్కను పిలుచుకొచ్చింది.

మల్లక్క ఇద్దరినీ బావి గడ్డన కూర్చోబెట్టింది.

"ఒకరు మాట్లాడుతుంటె ఇంకొకరు అడ్డం రావద్దు. అవతలాయన ఏమన్నడో చెప్పినంకనే మీ మాట చెప్పాలె."

ముందు రాజమల్లు నీళ్ల గురించి గట్టిగా మాట్లాడాడు. ఉన్నట్టుండి గొంతు తగ్గింది. "జాతరప్పుడు నా కొడుకు వరంగల్ దవాఖాన్ల పడి ఉంటే, అన్న మొఖం సుత సూపలే."

"కొమురెల్లీ, తమ్ముడేమన్నడు?"

"నీళ్లు సాలుత లెవ్వన్నడు."

"ఆఖరుకేమన్నడు?"

కొమురెల్లి చేతిలోని మట్టిపెళ్ల చిదిపాడు. "పిల్లగాడు దవాఖాన్ల ఉంటే నేను రాలేదన్నడు." తర్వాత తన మాట చెప్పాడు. "నేను మేడారం జాతరల ఉన్న. ఎవ్వరూ కబురు చెయ్యలే. తిరిగొచ్చేసరికి పిల్లగాడు ఇంట్లనే ఉన్నడు. నన్ను పరాయోన్ని చేసిన్రని అలిగిన."

"అన్నేమన్నడు, రాజమల్లూ?"

"కబురు చెయ్యలేదన్నడు." రాజమల్లు మల్లక్క వైపు తిరిగాడు. "అంత జనంల ఎవరితోని చెప్పంపుదునక్కా?"

"నాకు గాదు, మీ అన్నకు చెప్పు."

చెప్పాడు. కొమురెల్లి తల ఊపాడు.

"ఇగ నీళ్ల సంగతి మీరే తేల్చుకోండ్రి" అని మల్లక్క ఊరుకుంది. రోజు విడిచి రోజు మోటారు పెట్టుకుందామన్నాడు కొమురెల్లి. రాజమల్లు వెళ్లి అన్న వైరు తగిలించాడు.

ఆ వానాకాలం పంటకు ఇద్దరికీ చివరి మళ్లు ఎండాయి, మిగతావి పండాయి. తోడికోడళ్లు మాట్లాడుకోవడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. అన్నదమ్ములు మాత్రం యాసంగికి ఒకే మడిలో నారు పోసుకున్నారు.