సిలిండరుకు పెట్టిన బొట్టు

కలకత్తాలో ఓడలాగే ఖిదిర్‌పూర్ డాకు వెనక సందుల్లో బైరాగి మిస్త్రీ అంటే తెలియనివాడు లేడు. ఒకవేళ ఎవడైనా ఉంటే ఆ లోటు బైరాగే స్వయంగా తీర్చేవాడు. టీ కొట్టు ముందు కాలు మీద కాలేసుకుని, "నా సెయ్యి పడితే ఇంజను మాటినాల" అని పక్కనున్నవాడికి చెప్పకపోతే అతనికి టీ రుచించేది కాదు. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకొని వచ్చాడు. డాకులో గ్యాసు వెల్డింగు నేర్చుకున్నాడు, లాంచీ ఇంజన్ల దగ్గర చెయ్యి తిప్పుకున్నాడు, తల నెరిశాక సొంతంగా ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. గొప్పలు చెప్పుకునే అలవాటు ఒక్కటి తీసేస్తే వంక పెట్టడానికి లేని మనిషి. ఆ ఒక్కటే అతని కొంప ముంచింది.

బెంగాల్లో ఎర్రజెండా సర్కారు చివరి రోజుల మాట ఇది. బడ్జ్ బడ్జ్ వైపు గంగ ఒడ్డున తోట ఇల్లు ఉన్న దత్తబాబు విదేశం నుంచి ఒక నాలుగు చక్రాల బండి తెప్పించాడు. మోటారు సైకిలుకీ ట్రాక్టరుకీ పుట్టిన బిడ్డలాగ ఉండేదది. లావుపాటి చక్రాలు, పైన సైకిలు సీటు, బురదయినా ఇసకయినా లెక్కచెయ్యదు. దాన్ని నడపడానికీ చూసుకోవడానికీ మనిషి కావాలంటే బైరాగి తన మేనల్లుణ్ణి పెట్టించాడు. మేనల్లుడంటే భార్య జగ్గమ్మకు అన్నకొడుకు, పేరు సోములు. ముప్ఫై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఆ ఉద్యోగం రాకముందు ఏ పనీ నిలకడగా దొరక్క తిరిగి తిరిగి అలిసిపోయినవాడు. బండి ఎక్కాక వాడి నడకే మారిపోయింది.

స్నేహితుల బండ్లకంటే తన బండి వేగంగా పోవాలని దత్తబాబుకు కోరిక పుట్టింది. హైదరాబాదు నుంచి రఘురాం అనే కుర్ర ఇంజనీరును పిలిపించాడు. అతను నీలంరంగు సిలిండరు ఒకటి పట్టుకొచ్చాడు. అందులో ఉన్నది నైట్రస్. పళ్ళ డాక్టర్లు మత్తుకిచ్చే గ్యాసే. దాన్ని ఇంజనులోకి వదిలితే పెట్రోలు మరింత ఉధృతంగా మండి బండి ఎగిరి దూకుతుంది.

"గ్యాసు ఒక్కటే పంపితే ఇంజను వేడెక్కి పిస్టన్ కరిగిపోతుంది బైరాగి గారూ. దానికి తగ్గ పెట్రోలు కూడా తోడు వెళ్ళాలి" అన్నాడు రఘురాం. త్వరగా వేడెక్కని ప్లగ్గు వెయ్యాలన్నాడు, నిప్పురవ్వ పడే సమయం కాస్త వెనక్కి జరపాలన్నాడు. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు బటను నొక్కితే ఇంజను పగిలిపోవచ్చు గనక, యాక్సిలేటరు పూర్తిగా తిప్పి, తిన్నటి దారిలో ఉన్నప్పుడే నొక్కాలన్నాడు. ప్రతి మాటకీ బైరాగి "తెలుసు, తెలుసు" అంటూనే ఉన్నాడు. అందులో సగం అప్పుడే వింటున్నాడు. అయినా సోములు పక్కనుండగా, దత్తబాబు కుర్చీలో కూర్చుని చూస్తుండగా, "తెల్దు" అనడానికి అతనికి నోరెలా వస్తుంది?

చివర్లో రఘురాం, "అన్నిటికంటే ముఖ్యం, సిలిండరు మూతికి గాని, మరలకు గాని నూనె చుక్క కూడా తగలకూడదు. నూనె ఉండగా వాల్వు తిప్పితే అక్కడే అంటుకుంటుంది" అన్నాడు.

బైరాగికి చురుక్కుమంది. "బాబూ, నాను నీ వొయసులో ఉన్నప్పుడే ఆక్సిజన్ సిలిండర్లు మోసినాను. నూనె సెయ్యితో ముట్టుకోకూడదని నువ్వు నాకు సెప్పాలా?" అన్నాడు. రఘురాం సిగ్గుపడి ఊరుకున్నాడు. దత్తబాబు నవ్వాడు. ఆ నవ్వుకు బైరాగి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పని మాత్రం అద్భుతంగా చేశాడు. పెట్రోలు కొలత సరిచూశాడు, ప్లగ్గు మార్చి, మళ్ళీ విప్పి దాని రంగు చూసి, ఇంజను ఎంత వేడెక్కిందో పసిగట్టాడు. సోములు గంగ ఒడ్డున బండి తోలి వచ్చి, "మావా, ఎనకనుంచి ఎవులో తోసినట్టుంది!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. కలకత్తాలో ఆ రోజు సుత్తి పట్టుకున్న ప్రతివాడికీ పండగే. దేవుణ్ణి నమ్మనని ఉపన్యాసాలిచ్చే యూనియను నాయకుడు కూడా ఆ పూట పానాలకు దండం పెడతాడు. దత్తబాబు తోటలోనే పూజ ఏర్పాటు చేసి, అతిథుల్ని పిలిచి, పూజ కాగానే బండి పరుగు చూపిస్తానన్నాడు. సిలిండరు విప్పి పనిముట్లతో పాటు పీట మీద పెట్టారు. పైన ఆకాశం నిండా గాలిపటాలు.

ఆవనూనెలో సిందూరం కలిపి పనిముట్లకు బొట్లు పెట్టడం అక్కడి ఆచారం. పెద్ద మిస్త్రీ కాబట్టి ఆ పళ్ళెం బైరాగి చేతికిచ్చారు. డాకులో ఉన్నన్నాళ్ళూ అతను గ్యాసు సిలిండర్లకు బొట్టు పెట్టనిచ్చేవాడు కాదు. బంతిపూల దండ వేసి సరిపెట్టేవాడు. ఆ రోజు కూడా నీలం సిలిండరు దగ్గరకు రాగానే చెయ్యి ఆగింది.

"మిస్త్రీ, అసలు హీరోని వదిలేస్తావా? దానికీ పెట్టు!" అన్నాడు దత్తబాబు బెంగాలీలో. అతిథులు నవ్వారు. పెట్టకూడదని ఒక్కమాట చెబితే సరిపోయేది. కానీ పూజలో ఉండి వద్దంటే పిరికివాడనుకుంటారని బైరాగికి అనిపించింది. పళ్ళు పీకేటప్పుడు ఇచ్చే గ్యాసు, ఇదేం చేస్తుందిలే అనుకున్నాడు. బిగించే ముందు తనే తుడిచేద్దామనీ అనుకున్నాడు. వేలు ముంచి, గొట్టం తగిలించే మూతి మీద ఎర్రగా ఒక బొట్టు పెట్టాడు. నూనె లోపలికి జారింది.

తరవాత కిచిడీ ప్రసాదం వచ్చింది. అతిథుల్లో ఎవరో, "ఈ బండిని తయారుచేసింది మీరేనట కదా!" అన్నారు. బైరాగి కుర్చీ లాక్కుని కూర్చుని మొదలుపెట్టాడు. ఆ పొగడ్తల మత్తులో బొట్టు సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

అవతల సోములు సిలిండరును తనే బండికి బిగించుకున్నాడు. ఫట్‌మని చప్పుడైంది. ఆ వెంటనే సోములు కేక వినిపించింది. బైరాగి పరుగెత్తేసరికి బండి పక్కన సోములు కుడిచెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. వాల్వు తిప్పగానే మూతి దగ్గర మంట చిమ్మి అరచెయ్యీ వేళ్ళూ కాలిపోయాయి. ఇద్దరు మనుషులు వాణ్ణి కారు వైపు నడిపించబోయారు.

"ఏమైంది మిస్త్రీ?" అన్నాడు దత్తబాబు.

నలుగురూ బైరాగి ముఖంలోకే చూస్తున్నారు. నోట్లో కిచిడీ రుచి ఇంకా పోలేదు. "తొందరపడి ఒక్కసారి తిప్పేసినాడు బాబూ. మెల్లగా తిప్పాలని సెప్పినా ఇనుకోనేదు" అన్నాడు.

సోములు విన్నాడు. ఒక్కసారి తల తిప్పి చూసి కారెక్కాడు. అందరూ అటు తిరగగానే బైరాగి గొట్టం విప్పాడు. మరల మధ్య నల్లగా మాడిన సిందూరం. జేబులోంచి గుడ్డ తీసి శుభ్రంగా తుడిచేశాడు. అవసరమైనప్పుడు తుడవనివాడు ఇప్పుడు అద్దంలా తుడిచాడు.

సోములు ఉద్యోగం పోయింది. అజాగ్రత్త మనిషి తనకు వద్దన్నాడు దత్తబాబు. ఆసుపత్రి నుంచి జగ్గమ్మ వాణ్ణి తిన్నగా తన ఇంటికే తెచ్చుకుంది. చేతికి కట్టు. అన్నం తనే కలిపి ముద్దలు పెట్టేది. "నీ మావ అన్నీ సెప్తాడు గదరా, సరిగ్గా ఇనకపోతివి" అనేది. వాడు "అవునత్తా" అని ముద్ద నమిలేవాడు. ఆ "అవునత్తా" అన్న మాట గోడకవతల ఉన్నా బైరాగి చెవిలో పడేది. అన్నం ముందు కూర్చున్నవాడు సగంలోనే లేచిపోయేవాడు. టీ కొట్టుకు వెళ్ళడం మానేశాడు. ఎవరైనా "మిస్త్రీ" అని పిలిస్తే తిట్టినట్టే ఉండేది. సిగ్గు అంటే ఏమిటో ఆ వయసులో కొత్తగా తెలిసొచ్చింది.

ఒక పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ తన ముఖం తను చూసుకోలేకపోయాడు. సగం గడ్డంతోనే బస్సెక్కి బడ్జ్ బడ్జ్ వెళ్ళాడు. దత్తబాబు ముందు నిలబడి బొట్టు సంగతీ, అబద్ధం సంగతీ, తుడిచిన సంగతీ అన్నీ చెప్పేశాడు. "ఇన్నాళ్ళు పట్టిందా మిస్త్రీ?" అన్నాడు దత్తబాబు. చెయ్యి నయమయ్యాక సోములును రమ్మన్నాడు. బైరాగిని మాత్రం మళ్ళీ ఆ గేటు లోపలికి రావద్దన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది బైరాగికి.

మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. సోములు చాప మీద కూర్చున్నాడు, జగ్గమ్మ అన్నం కలుపుతోంది. బైరాగి గుమ్మంలోనే కూలబడి, "ఒరే సోములూ, తప్పు నీది కాదురా. ఆ మూతికి నూనె బొట్టెట్టింది నానే" అన్నాడు.

"నాకు తెలుసు మావా."

జగ్గమ్మ చెయ్యి ఆగిపోయింది.

"గొట్టం బిగించినప్పుడే సూసినాను. రఘురాం బాబు సెప్పింది గేపకమొచ్చింది. తుడిసేద్దారనుకున్నాను. నువ్వెట్టిన బొట్టు గదా, పూజ బొట్టు. అంతమందిలో నాను తుడిస్తే నీకు తలొంపులని ఒగ్గేసినాను. నీకు తెల్దా ఏటి, తెలిసే బొట్టెట్టుంటావనుకున్నాను."

బైరాగికి తల కొట్టేసినట్టయింది. "మరి బాబు కాడ ఎందుకు సెప్పనేదురా?"

"నా ఎదరే అలగ సెప్పినావు. నలుగురిలో నిన్నేటనగలను మావా?"

వీధిలో ట్రాము గంట వినిపించింది. జగ్గమ్మ లేచి, కలిపిన అన్నం కంచాన్ని తెచ్చి మొగుడి ముందు ఠంగుమని పెట్టింది. "ఇంక నువ్వెట్టు. బొట్టెట్టిన సెయ్యి గదా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బైరాగి చెయ్యి కడుక్కుని వచ్చి, ముద్ద చేసి చాచాడు. తల ఎత్తలేక ముద్దను సోములు చెంపకు తగిలించాడు.

"ఇటు సూసి ఎట్టు మావా" అన్నాడు సోములు.