లక్క వాసన

మా సోషల్ మిస్ పోయారని మంగళవారం పొద్దున బడి స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో అప్పుడే తలుపులు తెరిచి, ముందురోజు తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుతున్నాను. చేతిలో ఉన్నదాన్ని ఏ అరలో పెట్టానో గుర్తులేదు. "కార్వాన్‌ల మిస్ ఇంటికి పోతున్నం. నువ్వు వస్తవా?" అంది. వస్తానన్నాను, వెళ్ళాను. మిస్ విషయంలో వస్తానని చెప్పి నిజంగా వెళ్ళింది ఆ ఒక్కసారే.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళకు పాఠాల కంటే ఏడాదికోసారి తీసుకెళ్ళే ఫీల్డ్ ట్రిప్ ఎక్కువ గుర్తుంటుంది. పక్క సెక్షన్ వాళ్ళు జూపార్కుకి వెళ్ళి చిప్స్ తిని వచ్చేవారు. మమ్మల్ని ఆమె పాతబస్తీ గల్లీల్లోకి తీసుకెళ్ళేవారు. నోటుపుస్తకాలు బస్సులోనే వదిలేయాలి. పని చేస్తున్న ఎవరైనా ఒక మనిషిని, పుస్తకంలో జవాబు దొరకని ఒకే ఒక ప్రశ్న అడగాలి. తిరిగొచ్చాక రాయాలి.

"రాసుకోకుంటే మర్చిపోతాం కదా మిస్?" అన్నాను ఒకసారి.

"పుస్తకంల ఉన్నది ఎటూ పోదు బిడ్డా, రేపు చదువుకోవచ్చు. మనిషినైతే ఇయ్యాల్నే అడగాలె."

మేము గల్లీలో తిరుగుతున్నంతసేపూ ఆమె గల్లీ మొదట్లో నల్ల గొడుగు ఎత్తి పట్టుకుని నిలబడేవారు. ఎండ కోసం కాదు, మాకు ఆనవాలు. ఆఖరి పిల్ల అడిగి వచ్చేదాకా దించేవారు కాదు. చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకునేవారు.

ఎనిమిదో తరగతిలో లాడ్ బజార్‌కి వెళ్ళాం. నా స్నేహితురాలు దిగీ దిగగానే ఒక గాజుల దుకాణాయన్ని పట్టుకుంది.

"భాయ్, మీ ఇంట్ల అక్కకు ఏ గాజులు ఇష్టం?"

"ఆమెనా? ఒక్కటి గూడ తొడగదు. పొద్దంత గాజుల లొల్లి, ఇంటికొచ్చినా గదే లొల్లా అంటది."

మిస్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

నేను ఒక ముసలాయన్ని ఎంచుకున్నాను. చిన్న గదిలో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్కను వేడిచేసి, పొడుగ్గా సాగదీసి గాజులు చుడుతున్నాడు. ప్రశ్న కూడా తయారుచేసుకున్నాను. కానీ గల్లీ దాటలేదు. ఎదురుగా ఉన్న అత్తరు దుకాణం పక్కనే నిలబడిపోయాను. ఆయన ఒకసారి తలెత్తి చూసి, "క్యా హోనా బేటా, ఏం గావాలె?" అన్నాడు. నేను చూపు తిప్పుకున్నాను. కొంతసేపు అలాగే ఉండి వెనక్కి వచ్చేశాను.

"అడిగినవా?" అన్నారు మిస్.

తలూపాను. ఆమె నన్నొకసారి చూసి, గొడుగు దించారు.

ఆ రాత రెండు పేజీలు వచ్చింది. నా ముసలాయన తెలుగు వాచకంలా మాట్లాడాడు. తాతల కళ అన్నాడు, చేతుల్లోని వెలుగు అన్నాడు. క్లాసులో మిస్ చాలామందివి చదివి వినిపించారు. నాది చదవలేదు. నోటుపుస్తకం తిరిగొచ్చాక చూస్తే, మార్కులు వేయాల్సిన చోట ఎర్ర సిరాతో ఒక్క వాక్యం ఉంది: "లక్క కాగుతుంటే వాసన ఎలా ఉంది?"

నాకు తెలియదు. నాకు గుర్తున్నది అత్తరు వాసనే.

పదో తరగతి వీడుకోలు రోజున అందరితో చేతులు కలుపుతూ వచ్చి, నా దగ్గర ఆగారు. "నీ జవాబు ఇంకా రాలే బిడ్డా. ఫికర్ చెయ్యకు, తొందరేం లేదు." ఆమెకు అంతా తెలుసని నాకప్పుడు అర్థమైంది. నిజం చెప్పడానికి అదే సమయం. చుట్టూ చాలామంది ఉన్నారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కలవలేదు. నిరుడు అఫ్జల్‌గంజ్ బస్టాపులో కనబడ్డారు. సగమైపోయారు. చేతిలో మందుల సంచీ, అదే గొడుగు.

"ఏంది, వాసన చూసొచ్చినవా?"

"ఇంకా లేదు మిస్."

"నడు మరి, ఇద్దరం పోదాం. ఆటోల ఎంతసేపు? ఈసారి నేను గల్లీ మొదట్ల నిలబడ, నీ పక్కనే ఉంట."

లైబ్రరీకి ఆలస్యమవుతుందన్నాను. వచ్చే ఆదివారం ఫోన్ చేస్తానన్నాను. "ఆదివారం మంచిదే," అన్నారు. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఇంకా నా వైపే తిరిగి ఉన్నారు.

ఆదివారం నేను ఫోన్ చేయలేదు. కారణమేమీ లేదు. ఒకసారి నంబరు దాకా వెళ్ళాను, ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. తర్వాత్తర్వాత ఆదివారాలు లెక్కలేకుండా పోయాయి.

మిస్ పోయాక, మొన్న ఒక్కదాన్నే లాడ్ బజార్‌కి వెళ్ళాను. ఆ గది అలాగే ఉంది. కుంపటి ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఈసారి గల్లీ దాటాను. ముసలాయన గురించి అడిగాను.

"మామనా? పోయి నాలుగేండ్లాయె అమ్మా. కూసో. గాజులు గావాల్నా?"

గాజులు కాదని, లక్క వాసన ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి వచ్చానని చెప్పాను. ఆమె విచిత్రంగా చూసి నవ్వింది.

"మాకేం తెలుస్తది? పుట్టినప్పటి సంది గీ పనిలనే ఉన్నం, ముక్కుకు వాసనే రాదు. బయటినుంచి వచ్చినవ్, నువ్వే చెప్పు. ఎట్లుంది?"

మంట దగ్గరగా వంగాను. అడుగంటిన బెల్లం పాకం, దాని వెనక తడిసి ఎండిన చెక్క, చివర కొంచెం గొంతు పట్టే పొగ. అలాగే చెప్పాను. "అవునా!" అని ఆమె మళ్ళీ పనిలో పడింది.

బయటికొచ్చి, ఆనాడు నిలబడ్డ అత్తరు దుకాణం పక్కనే కాసేపు నిలబడ్డాను. అక్కణ్నుంచి గల్లీ మొదలు నేరుగా కనిపిస్తుంది. అడ్డం ఏదీ లేదు. ఆనాడు నేను నిలబడ్డంతసేపూ మిస్ నన్ను చూస్తూనే ఉన్నారన్నమాట. ఎండలో, చెయ్యి మార్చుకుంటూ, నేను గల్లీ దాటుతానేమోనని ఆ నల్ల గొడుగు ఎత్తి పట్టుకునే ఉన్నారు.