నా అగ్గువ మిషను

ఈ-సిగరెట్లు ఇంక బంద్ గాకముందు ముచ్చట. బీడీలు మానుదామని నేను, మా అక్క పెనిమిటి చెరొకటి కొన్నం. నాది తక్కువ పైసలకొచ్చిన అగ్గువది, బావది మస్తు పైసలు వెట్టిన పిరంది. రెండిటికీ ఓల్టేజి పెంచే బటన్ ఉండె. బావది ఛార్జింగ్ అయిపోయేదాక ఒక్కతీరుగ పొగ ఇచ్చేది. నాది మధ్యానానికే నీరసపడేది. ఓల్టేజి పెంచితే లోపలి దూది కాలి నోరంత మాడు కంపు.

కొన్నాళ్లకు రామన్నపేట అంగట్ల నేను మేకలు అమ్ముతుంటే, బావ పొగ ఊదుకుంట వచ్చి పదిమంది ముందల నవ్విండు.

"నీ డబ్బా మిషను ఏడబాయె బామ్మర్ది? మంచిది కొనుమంటే ఇన్నవా?"

నాకు సర్రున కాలింది.

"నీదే మంచిది బావా, నేను కాదంటలేను. నాది కంపు గొడితే పారేసిన. మళ్ల బీడీ గూడ ముట్టలే. నీది గంత మంచిది గాబట్టే ఇంక నీ నోట్లె ఉన్నది."