అమ్మ నడుముకు కట్టిన ఫోను

మా అమ్మకు చెవులు వినిపించడం మానేసినప్పటి నుంచి నాకు భయం మొదలైంది. ఏదో జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆమె వినికిడిని పట్టుకుపోయింది. మాట మాత్రం పోలేదు, ఇంకాస్త గట్టిపడింది. మా ఊరు డెంకణికోట అడవి అంచున ఉంటుంది. రాగులు కోతకొస్తే ఏనుగులు దిగుతాయి. జనం కేకలేస్తారు, డబ్బాలు కొడతారు, టపాకాయలు పేలుస్తారు. విన్నవాళ్ళు పరిగెత్తి బతుకుతారు. మా అమ్మ వంచిన నడుము ఎత్తకుండా కోస్తూనే ఉంటుంది. ఆ దృశ్యం తలుచుకుంటే హోసూరులో నాకు ముద్ద దిగేది కాదు.

అక్కడ నాది ఫ్యాక్టరీ ఉద్యోగం. సెల్‌ఫోన్లు కాస్త చవకయ్యాక ఒకటి కొని, వైబ్రేషన్‌లో పెట్టి, అమ్మ ఆకువక్కల తిత్తిలో వేశాను. ఆ తిత్తి ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటుంది. ఒక్కసారి అదిరి ఆగితే నేను క్షేమమని అర్థం. ఆగకుండా అదురుతుంటే ఏనుగులొచ్చాయని, కొడవలి పారేసి ఇంటికి పరిగెత్తాలని. అందిందని చెప్పడానికి ఆమె తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి.

"చెవిటోళ్ళ ముందర శంఖం ఊదినట్లుండాది గదప్పా" అని ఎగతాళి చేశాడు ఊళ్ళో రోడ్డు మీద టీ అంగడి నడిపే మా పెదనాన్న కొడుకు. ఏనుగులు దిగితే అమ్మకు ఫోన్ కొట్టే పని అతనికే అప్పగించాను.

మొదట్లో అదిరితే చాలు, తేలు పాకినట్టు తిత్తిని విసిరేసేది. మెల్లగా అలవాటైంది. తర్వాత మరీ అలవాటై, అదరకపోయినా అదిరినట్టే అనిపించేదట. నేను చేయకుండానే జవాబులొచ్చేవి. వచ్చినప్పుడల్లా నా గుండె జారేది. తద్దినం కొని తెచ్చుకున్నట్టయింది నా పని.

కోతల కాలంలో ఒక ఉదయం, షిఫ్టులో ఉండగా టీ అంగడి అన్న ఫోన్ చేశాడు.

"ఏనుగులు మన చేన్లపక్కకే దిగినాయి. చిన్నమ్మకు చానాసార్లు కొట్టినాను, జవాబు లేదు. నాకూ చేనుకూ నడాన మంద ఉండాది, నేను ఆడికి పోలేను. నువ్వు కొట్టి చూడప్పా."

కొట్టాను. రింగవుతూనే ఉంది, ఎవరూ పలకలేదు. మళ్ళీ కొట్టాను. అప్పుడు తట్టింది నాకు. మా వైపు కోతల్లో ఆకువక్కల తిత్తి ఒకరి దగ్గర నిలవదు. ఎవరికి నమలాలనిపిస్తే వాళ్ళకు తీసి ఇచ్చేయడమే. లేదనడం మర్యాద కాదు. అది గట్లన్నీ తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. పుట్టినప్పటి నుంచీ ఇది చూస్తున్న నేను, మహా తెలివిగా, ఫోను తీసుకెళ్ళి దాంట్లోనే పెట్టాను!

కాలుకాలిన పిల్లిలా మెషీన్ల మధ్య తిరిగాను. సూపర్‌వైజరు ఏదో అడిగాడు, నాకు ఎక్కలేదు. బస్సెక్కినా నేను చేరేసరికి అయ్యేది అయిపోతుంది. ఆ ఫోను ఎవరి దగ్గర అదురుతోందో తెలియదు. అయినా కొడుతూనే ఉన్నాను.

చివరికి నా ఫోన్ అదిరింది. అమ్మ నెంబరు. ఎప్పటిలా ఒక్కసారితో ఆగలేదు. ఎత్తాను. పక్క చేని అత్త గొంతు, రొప్పుతోంది.

"మీయమ్మ ఈడనే ఉండాది నాయనా, మిద్దె మీద. కేకలు విని నేను ఇంటిపక్కకు ఉరుకుతా ఉంటి. చేతిలో తిత్తి అదిరినాక గదా, ఆయమ్మకు వినపడదని మతికొచ్చింది. ఎనక్కి పోయి రెక్క పట్టి ఈడ్చుకొచ్చినాను. ఇదో, నీతో మాట్లాడల్లంట."

చెవులు పోయాక అమ్మ ఫోన్లో మాట్లాడటం అదే మొదలు.

"నాయనా, భయపడొద్దు. నేను బాగుండాను. ఇంక తిత్తి ఎవురికీ ఇయ్యనులే. వింటా ఉండావా?"

"వింటా ఉండానుమా!" అని ఫ్యాక్టరీ దద్దరిల్లేలా అరిచాను. పక్క మెషీన్లవాళ్ళు పని ఆపి చూశారు.

అమ్మ మళ్ళీ అడిగింది. "నాయనా, వింటా ఉండావా?"