పలకరింపు ఏడుపు

ద్వాలికి నర్సు ఉద్యోగం వచ్చిన ఎనభై నాలుగులో, టేకులపల్లి దగ్గరి వాళ్ల తండా అంతా మురిసి ముక్కలైంది. తెల్లచీర కట్టిన మొదటి పిల్ల మరి!

లంబాడీ ఆడవాళ్లకో మర్యాద ఉంది. చాన్నాళ్లకు కనబడ్డ అయినవాళ్లను మెడ పట్టుకుని, రాగం తీసి ఏడుస్తూ పలకరిస్తారు. ఏడవనిది పరాయిది. ఊళ్లోవాళ్లకు ఈ సంగతి తెలిసి చస్తేగా! ద్వాలి చేరిన వారానికే మేనత్త రుక్మిణి జ్వరంతో దవాఖానాకొచ్చింది. ఇద్దరూ వాటేసుకుని రాగం అందుకున్నారు. పక్క మంచంలోని బాలింత పున్నమ్మ తన బిడ్డే పోయిందనుకుని, కిందికి దూకి కుట్లు తెంపుకుంది.

హెడ్ నర్సు ప్రమీలారాణి అగ్గిమీద గుగ్గిలమైంది. ఆమెది సత్తుపల్లి. చెడ్డదంటే కళ్లు పోతాయి. ఆయాలు ముక్కు మూసుకునే పుండ్లను తన చేత్తో కడిగేది. కానీ రోగి ముందు కన్నీరు పెట్టడమంటే రోగికి విషం పెట్టడమేనని ఆమె నమ్మకం.

"మన మొహం చూసే వాళ్లు ధైర్యం తెచ్చుకుంటారే పిల్లా! ఇంకోసారి వార్డులో ఏడ్చావో, ఉద్యోగం ఊడుద్ది."

ద్వాలి నేర్చుకుంది. పాపిష్టి చదువు, బాగానే వంటబట్టింది.

మూడేళ్లకు తల్లికి అడవిజ్వరం తలకెక్కింది. రుక్మిణి ఎడ్లబండి మీద తెచ్చింది. ద్వాలి ఇంటికి పోయి ఆర్నెల్లవుతోంది. మంచం దగ్గరికి వెళ్లి నాడి పట్టుకుంది. వెనకే ప్రమీలారాణి రౌండ్లో ఉంది. "యాడీ" అని అమ్మను ఒక్కసారి పిలిస్తే చాలు, ఏడుపు కట్ట తెంచుకుంటుందని ద్వాలికి తెలుసు. పెదవులు బిగబట్టి సూది వేసింది.

"వదినా, ద్వాలి వచ్చింది," అంది రుక్మిణి తమ భాషలో.

చూపు మసకబారిన తల్లి చేతులు చాచింది. మెడ మీద ఎవరూ వాలలేదు. చేతులు దించేసింది.

"నా బిడ్డయితే ఏడవదా?" అని, పరాయివాళ్లతో మాట్లాడే తెలుగులోకి మారింది. "సిస్టరమ్మా, నా బిడ్డ గీడనే పని జేస్తది. జర జల్దీ పంపవా?"

"పంపుత," అంది ద్వాలి, తెలుగులోనే.

మధ్యాహ్నం డ్యూటీ అప్పజెప్పి, ఆ మంచం దగ్గరికి పరుగెత్తింది. ఆయా అప్పుడే దుప్పటి మొహం మీదికి లాగుతోంది. ద్వాలి మీదపడి ఆర్నెల్ల ఏడుపూ ఏడ్చింది. ప్రమీలారాణి ఒక్క మాట అనలేదు. చావుకు ఏడవడం అందరికీ తెలిసిన మర్యాదే కదా!

తర్వాత పదేళ్లు ద్వాలి ఆ వార్డులోనే పనిచేసింది. మంచి నర్సని పేరు. సెలవులకు తండాకు పోతే ఎవరూ మెడ పట్టుకోరు. రుక్మిణి పీట వేసి, మంచినీళ్లిచ్చి, తెలుగులో అడుగుతుంది.

"బాగున్నవా, సిస్టరమ్మా?"